దూరదేశపు చదువు ఎవరి సొత్తు?



మొన్నొక ఆదివారం పూజ ముగిసి అందరూ ఇళ్ళకు మళ్ళుతుండగా ఒక తండ్రి నా కోసం గుడి వసారాలో నిలబడి ఉన్నారు. తాండూరులో బండల పాలిష్ మిషను మీద ఆయన పని. మన ఇళ్ళలోను, మన గుళ్ళలోను పరచిన నాపరాళ్ళకు నునుపు తెచ్చే చేతులవి. గోళ్ళ సందుల్లోని రాతిపొడి ఆదివారం కూడా ఆయనను వదలదు. ఆయన కూతురు హైదరాబాదులో ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నది. జపాన్ దేశంలో, టోక్యో మహానగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆరు వారాల వేసవి చదువుకు ఆ అమ్మాయి ఎంపికైంది. ఫీజు, వసతి వాళ్ళే ఇస్తారు. విమానం టిక్కెట్టు, వీసా, చేతి ఖర్చులు మాత్రం ఇంటివాళ్ళవి. అన్నీ కలిపితే లక్షన్నర దాటుతుంది.

ఆ సొమ్ము ఇంట్లో లేకపోలేదు. చిట్టీ వేసి మూడేళ్ళుగా కూడబెట్టారు. కాని అది చిన్నవాడి పాలిటెక్నిక్ చదువు కోసం, నాయనమ్మ కంటి ఆపరేషను కోసం దాచిన సొమ్ము.

"ఫాదర్, ఒక్కదాని కోసం ఇంటిల్లిపాది పైసలు వెట్టుడు పాపమా? వెట్టకపోవుడు పాపమా?" అని ఆయన అడిగారు.

పాపసంకీర్తనంలో కూడా ఇంత సూటి ప్రశ్న అరుదుగా వింటాము. "పంపండి, అంతా దేవుడే చూసుకుంటాడు" అని తలమీద చేయి పెట్టి పంపివేయవచ్చు. చాలాసార్లు మేము గురువులం అదే చేస్తాము. ఈసారి నాకు నోరు రాలేదు. వచ్చే ఆదివారం మాట్లాడుదామన్నాను. ఆ వారం రోజులూ నా మనసులో నడిచిన ఆలోచనే ఇది. మీ ఇంట్లో కూడా ఇటువంటి ప్రశ్న రేపో మాపో తలుపు తట్టవచ్చు గనుక మీ ముందు పెడుతున్నాను.

"ఆడపిల్లకు జపాన్ ఎందుకు?" అన్నవారు కూడా ఉన్నారట. దానికి జవాబు చెప్పి ఈ స్థలం వృథా చేయను.

దూరదేశం అనగానే మనకు గుర్తుకు వచ్చేది లూకా సువార్త 15వ అధ్యాయంలోని చిన్న కుమారుడే. తపస్సుకాలంలో ఆ కథ విని విని, దూరదేశం వెళ్ళడమే అతని పాపమని మనలో చాలామంది అనుకుంటాము. ప్రభువు అలా చెప్పలేదు. అబ్రహాము సొంత ఊరు విడిచి వెళ్ళాడు. తిరుకుటుంబం బిడ్డను కాపాడుకోవడానికి ఐగుప్తులో పరదేశిగా బ్రతికింది. చిన్నవాడి తప్పు ప్రయాణంలో లేదు. తండ్రి ఇచ్చిన భాగం తన ఒక్కడిదే అనుకోవడంలో ఉంది.

ఆ కథలో ఇంకొక సంగతి ఉంది. ఎన్నో ఏళ్ళు చదివినా నేను దాన్ని ఈ వారమే గమనించాను. చిన్నవాడు తిరిగి వచ్చాడు, విందు మొదలైంది, వాద్యాలు మోగుతున్నాయి. పెద్దవాడు అప్పుడు ఎక్కడున్నాడు? పొలంలో పనిలో ఉన్నాడు. ఇంటికి దగ్గరగా వచ్చాక పాట విని, సేవకుణ్ణి అడిగి సంగతి తెలుసుకున్నాడు. అంత దయగల తండ్రి ఇంట్లో కూడా పొలానికి ఒక మనిషిని పంపి పెద్దవాణ్ణి పిలుచుకురావాలని ఎవరికీ తోచలేదు. తండ్రి తరువాత బయటికి వచ్చి బ్రతిమాలాడు, నిజమే. ముందుగా కబురు వెళ్ళి ఉంటే బాగుండేది కదా అని నాకనిపిస్తుంది. ఇలా అన్నందుకు వేదపండితులు నన్ను మందలించినా సరే.

ఇక జపాన్ సంగతికి వద్దాం. మన పిల్లలు అక్కడికి చదువుకోవడానికి వెళ్ళడం ఇప్పటి ముచ్చట అనుకుంటాము. కాని మన సంఘ చరిత్రలో మొదట చదువు కోసం సముద్రం దాటింది జపాన్‌వాడే, వచ్చింది మన దేశానికే. అతని పేరు అంజిరో. స్వదేశంలో ఒక మనిషిని చంపి పారిపోయినవాడు. 1547లో మలక్కాలో పునీత ఫ్రాన్సిస్ శౌరివారిని కలిశాడు. శౌరివారు అతన్ని గోవాకు పంపారు. అక్కడి పునీత పౌలు కళాశాలలో చదువుకుని, 1548లో పౌలు అనే పేరుతో జ్ఞానస్నానం పొందాడు. మరుసటి ఏడు అతనే దారి చూపగా శౌరివారు జపాన్‌లోని కాగోషిమా తీరంలో దిగారు. అది 1549 ఆగస్టు 15, మరియమాత మోక్షారోపణ పండుగ.

అక్కడి మహానగరంలో శౌరివారికి జరిగింది మనం తలచుకోవాలి. ఆనాటి రాజధాని క్యోటో. చక్రవర్తిని దర్శించాలని, అక్కడి పెద్ద విద్యాపీఠాన్ని చూడాలని ఆయన ఆశ. 1551 జనవరిలో, చలిలో, చాలా దూరం కాలినడకన వెళ్ళారు. నగరం యుద్ధాలతో పాడుబడి ఉంది. చక్రవర్తి దర్శనం దొరకలేదు, విద్యాపీఠం తలుపు తెరవలేదు. పదకొండు రోజులుండి వట్టి చేతులతో వెనుదిరిగారు. అంతకు ముందే భాషలో కూడా ఆయన పొరబడ్డారు. దేవునికి మొదట వాడిన జపాను మాట బౌద్ధులు పూజించే ఒక మూర్తి పేరని తెలిసి దాన్ని మానుకోవలసి వచ్చింది. పారిస్ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకున్న మహానుభావుడు ఇక్కడ పసిపిల్లవాడిలా మాటలు కూడబలుక్కున్నారు. పునీతుల జీవిత చరిత్రల్లో ఇటువంటి పేజీలను మనం త్వరగా తిప్పేస్తాము. టోక్యో వెళ్ళే అమ్మాయి మాత్రం అక్కడ ఆగి చదవాలి.

ఎందుకంటే ఆమెకూ అదే జరుగుతుంది. తాండూరులో తరగతిలో మొదటి మార్కు ఆమెది. టోక్యో వీధుల్లో ఎన్నో పలకలు ఆమె చదవలేదు. అంగట్లో ఏ డబ్బాలో ఏముందో తెలియదు. వికారాబాదు స్టేషనులో మన ఊరి ముసలమ్మలు చేతిలో టిక్కెట్టు పట్టుకుని "బిడ్డా, గీ బండి యాడికి పోతది?" అని అడగడం ఆమె ఎన్నిసార్లో చూసి ఉంటుంది. అక్కడ తానే ఆ ముసలమ్మ. ఆరు వారాల్లో యంత్రాల చదువు ఎంత వస్తుందో నేను చెప్పలేను. ఈ చదువు మాత్రం మొదటి రోజే మొదలవుతుంది. చదువు రానివారి సిగ్గు ఎలా ఉంటుందో తెలియని చదువరులు మన సంఘంలో ఎక్కువైపోయారు.

అక్కడి బడుల్లో పిల్లలే తమ తరగతి గదులు ఊడ్చుకుంటారు, తుడుచుకుంటారు. అది వారికి శిక్ష కాదు, చదువులో ఒక భాగం. మన దగ్గర చీపురు ఎవరి చేతికి ఇస్తాము? ఆ చేయి ఏ వాడ నుండి వస్తుంది? మన విచారణల్లో సగం కుటుంబాలకు ఈ ప్రశ్న చెప్పనక్కరలేదు, మిగతా సగం వినడానికి ఇష్టపడరు.

అంతా మంచే అని నేననను. 2019 నవంబరులో జగద్గురువులు ఫ్రాన్సిస్ పోపుగారు జపాన్ వెళ్ళినప్పుడు టోక్యోలో యువతీయువకులను కలిశారు. అక్కడ వారు ప్రధానంగా మాట్లాడింది ఒంటరితనం గురించి, తోటివారిని వేధించడం గురించి. ఆ దేశంలో కతోలికులు నూటికి ఒకరు కూడా లేరు. టోక్యోలో, యేసు సభవారు 1913లో స్థాపించిన సోఫియా విశ్వవిద్యాలయం పక్కనే పునీత ఇగ్నేషియస్ దేవాలయం ఉంది. అక్కడ జపాను భాషలోనే గాక ఇంగ్లీషు, స్పానిష్, పోర్చుగీసు, వియత్నామీ భాషల్లో కూడా పూజలు జరుగుతాయి. అన్ని భాషలు ఎందుకంటే, ఆ మహానగరపు కర్మాగారాల్లో, వంటశాలల్లో పనిచేసేవారిలో ఎందరో పొట్ట చేతపట్టుకుని వచ్చిన పరదేశులు. ముంబై, పూణే వలస వెళ్ళే మన కొడంగల్ వైపు జనాన్ని ఎరిగిన పిల్లకు, పక్క బెంచీలో కూర్చున్న వియత్నాం కూలీ ముఖం కొత్తగా ఉండదనుకుంటాను.

ఇప్పుడు అసలు విషయం. మన హైదరాబాదు రాజ్యం నుండే నూరేళ్ళ కిందట ఒక పెద్దమనిషి చదువుల కోసం జపాన్ వెళ్ళారు. ఆయన సర్ రాస్ మసూద్. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనుమడు, నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖ డైరెక్టరు. 1922లో నిజాం ప్రభుత్వం ఆయనను జపాన్ విద్యావిధానం చూసి రమ్మని పంపింది. జపాన్‌వారు పడమటి వైద్యం, ఇంజనీరింగు, సమస్త శాస్త్రాలూ తమ సొంత భాషలో పిల్లలకు నేర్పుతున్నారని, వారి ఎదుగుదలకు అదే మూలమని ఆయన గ్రహించారు. 1923లో ఆ విషయాలతో గ్రంథం వెలువరించారు. మాతృభాషను మెచ్చుకున్న ఆ గ్రంథం ఇంగ్లీషులో ఉందన్నది వేరే ముచ్చట.

ఆయన చూసింది సత్యమే. కాని ఇంటికి వచ్చాక ఆ సత్యం ఎవరికి వర్తించింది? 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగుతున్నది. జపాన్ ఉదాహరణ దానికి బలమైంది. ఇంగ్లీషు బదులు దేశభాషలో శాస్త్రాలు చెప్పడం ఆ రోజుల్లో సాహసమే, కాదనను. కాని ఆ రాజ్యంలో అందరికంటే ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. వికారాబాదులో గొర్రెలు కాచే పిల్లవాడికి, తాండూరు గనిలో రాయి మోసే తల్లి బిడ్డకు ఉర్దూ ఇంటి భాష కాదు. మసూద్‌గారు ఓడ ఎక్కడానికి ముందటి ఏడే, 1921 నవంబరులో, హైదరాబాదులో జరిగిన ఒక సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలో నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. టోక్యోలో తల్లిభాష గొప్పతనం కనబడింది గాని, కన్న ఊళ్ళో నవ్వులపాలైన తల్లిభాష కనబడలేదు.

ఆ పెద్దమనిషిని తూలనాడడం నా ఉద్దేశం కాదు. మనమందరమూ అంతే. దూరాన ఉన్నది చూడటానికి లక్షలు పెడతాము, పక్కింటిది చూడటానికి తల తిప్పము. తాండూరు పిల్లవాణ్ణి "నీ సంగతి ఏమిటి?" అని ఎవరూ అడగలేదు. పొలంలో ఉన్న పెద్ద కుమారుడికి ఎవరూ కబురు పెట్టనట్లే.

అందుకే తరువాతి ఆదివారం ఆ తండ్రి వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి మాట ఇది: "చిన్నవాణ్ణి అడిగారా?" ఆయన ఆశ్చర్యపోయారు. "వాడేమంటడు ఫాదర్, చిన్నోడు." నాయనమ్మను అడిగారా? అడగలేదు. ఆమె తనంతట తానే "నా కండ్లకేం తొందర?" అన్నదట. ముసలివాళ్ళు అలాగే అంటారు. దాన్ని సమ్మతి అనుకుని ఊరుకోవడం మనకు సౌకర్యం, అంతే. చూపు తగ్గిన మనిషిని ఇంకో ఏడాది కూర్చోబెట్టి ఆ డబ్బుతో విమానం ఎక్కడం తప్పని నేను నిర్మొహమాటంగా చెప్పాను. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది, శుక్లాల ఆపరేషను ఉచితంగా చేస్తారు. ముందు అక్కడికి తీసుకుపొమ్మన్నాను.

ఆయనకు ఇంకొక మాట కూడా చెప్పాను, అది నాకే కష్టమనిపించింది. అమ్మాయిని పంపితే దాన్ని పెట్టుబడిగా లెక్క రాసుకోవద్దన్నాను. "నీ మీద లక్షన్నర పెట్టినం" అనే మాట ఆమె పెళ్ళినాటి వరకు వినబడకూడదు. ఆమె మీద అప్పు ఉన్నది నిజమే, తమ్ముడి పాలు ఉన్నది నిజమే. కాని అది రూపాయల్లో తీరేది కాదు. ఆయన తల ఊపారు గాని పూర్తిగా ఒప్పుకున్నట్లు నాకనిపించలేదు. రోజంతా మిషను మీద నిలబడే మనిషికి లెక్క వేయవద్దని చెప్పడం నాకు సులువే కదా.

చిన్నవాణ్ణి పిలిపించాము. పదవ తరగతి రాశాడు, బక్కపలుచని పిల్లవాడు, పూజలో గంట కొట్టేది వాడే. వాళ్ళ నాన్న సంగతంతా చెప్పి, "నువ్వేమంటవ్‌రా?" అని అడిగారు. ఆ ఇంట్లో ఆ ప్రశ్న వాడికి మొదటిసారి ఎదురైనట్లుంది. చాలాసేపు నేలచూపులు చూశాడు.

"అక్క పోనీ. నా ఫీజు సర్కారోళ్ళు ఎంత ఇస్తరో చూస్త. గని నాకు బిల్డింగుల ఫొటోలు పంపొద్దు."

మరేం కావాలిరా అంటే, జపాన్‌లో తన వయసు పిల్లలకు ఐదేళ్ళ టెక్నికల్ కాలేజీలు ఉంటాయని సార్ చెప్పారట. కోసెన్ అంటారట. అవి నిజంగానే ఉన్నాయి, 1962 నుండి నడుస్తున్నాయి, పదిహేనేళ్ళ పిల్లలను చేర్చుకుంటాయి. వీలైతే అక్క ఒక్కదాంట్లోకి వెళ్ళి, అక్కడి పిల్లలు మిషన్ల మీద ఎట్లా నేర్చుకుంటారో, చేతులకు, ముక్కుకు ఏం కట్టుకుంటారో చూసి రావాలట. "నాయినకు రాతిపొడికి దగ్గు వస్తది" అన్నాడు.

తండ్రి ముఖం పక్కకు తిప్పుకున్నారు.

నాయనమ్మను మంగళవారం హైదరాబాదు తీసుకుపోయారు. ఆపరేషనుకు తారీఖు ఇచ్చారు. టిక్కెట్టు ఇంకా కొనలేదు.