కోరిక లేని బలం

భగవద్గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు బలవంతుల్లోని బలం తానేనంటాడు. అంతటితో ఊరుకోడు, ఒక మెలిక పెడతాడు: ఆ బలానికి కామం, రాగం అంటి ఉండకూడదు. మదనపల్లెలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన నాకు ఆ మెలిక చాలాకాలం కొరుకుడు పడలేదు. పతకం మీద ఆశ లేని పిల్లోడు తెల్లారకముందే లేచి హార్స్లీ హిల్స్ ఘాట్ రోడ్డు ఎందుకు ఎక్కుతాడు?

మా ఊళ్లో ఈ ప్రశ్నకు ఇంకో వైపు కూడా ఉంది. 1895లో తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది ఇక్కడే. ఆయన నెలకొల్పిన రిషివ్యాలీ బడి ఈ కొండల దాపునే ఉంది. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోలిస్తే భయం పుడుతుందని ఆయన జీవితాంతం చెప్పారు. నా చేతిలో చూస్తే టేపు, స్టాప్‌వాచ్. నేను తర్ఫీదు ఇచ్చే లాంగ్ జంప్ పిల్ల ఒకతి అడగనే అడిగింది: "గెలవాలనుకునేది తప్పా సార్?"

జవాబు నాకు శాస్త్రాల్లో కంటే ముందు కాలి కండరంలో దొరికింది. పూర్తి వేగంతో పరిగెత్తేవాళ్ల పాదం నేలను తాకి ఉండేది సెకనులో పదో వంతు. కండరం తన మొత్తం బలాన్ని కూడగట్టుకోవడానికి దానికి మూడింతలైనా పడుతుంది. అందుకే మూట మోసే బలం వేరు, ఎగిరే బలం వేరు. సోవియట్ కోచ్ యూరీ వెర్ఖోషాన్‌స్కీ 1960లలో ఎత్తు మీంచి కిందికి దూకించి, నేల తాకిన మరుక్షణం పైకి ఎగిరించే సాధనను తీర్చిదిద్దింది ఈ రెండో బలం కోసమే. అందులో ఒక కండరం లాగేటప్పుడు దాని ఎదుటి కండరం వదలాలి. గెలుపు తలుచుకుని పళ్లు బిగించినవాళ్లకు రెండూ బిగుసుకుంటాయి, వేగం చస్తుంది.

హార్స్లీ హిల్స్ ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఎత్తైన చోట సాధనతో రక్తం బలపడాలంటే 2,000 మీటర్లయినా దాటాలి. మేం వెళ్లేది చల్లదనం కోసం, వాలు కోసం. వాలు మీద కొన్ని గెంతులు, ఆపై మూడు నాలుగు నిమిషాల విశ్రాంతి. గెంతడం పిల్లలకు సులువు, ఊరికే కూర్చోవడమే కష్టం. పక్కోడు ఎంత దూకినాడన్న లెక్క ఆ ఖాళీలోనే మొదలవుతుంది. కృష్ణమూర్తి చెప్పిన భయాన్ని నేను కళ్లారా చూసేది అక్కడే.

అలాగని ఆశే వద్దా అంటే నాకు ఒక పోటీ గుర్తొస్తుంది. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5. మల్లీశ్వరి చివరిసారి అడిగిన బరువు 137.5. ఎత్తి ఉంటే బంగారమే. ఎత్తలేకపోయింది. అత్యాశకు పోయిందన్నవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. ఎంత బరువు అడగాలో తేల్చుకునేటప్పుడు ఆశ ఉండి తీరాలి, లేకుంటే ఒలింపిక్స్ దాకా పోయేదెవరు? ఇనుప కడ్డీ పట్టుకున్నాక మాత్రం దానికి అక్కడ పనిలేదు.

గీత మెలికను నేనిలా అర్థం చేసుకున్నాను. కోరిక సాధనకు తీసుకొస్తుంది, ఎగిరే క్షణంలో అడ్డం పడుతుంది. కొలత విషయంలోనూ అంతే. వస్తువుల్ని పోల్చి చూడటం అవసరమేనని కృష్ణమూర్తి కూడా ఒప్పుకున్నారు. మనిషిని మనిషితో పోల్చడమే ఆయనకు హింసగా కనిపించింది. ఆ పిల్లకు నేను చెప్పింది కూడా ఇదే: గెలవాలనుకో, దూకే పలక మీద కాలు పెట్టేటప్పుడు మాత్రం మర్చిపో.

పిల్లల్ని మైదానానికి పంపే తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఇంటికి రాగానే "ఎవరు ఫస్ట్ వచ్చినారు?" అని అడగొద్దండి. పోయిన నెల ఎంత దూకింది, ఈ నెల ఎంత దూకింది, అది అడగండి చాలు.