ఆళ్లగడ్డ శిల్పి, నంద్యాల గుమాస్తా

నంద్యాలలో ఒక కార్యాలయం. అందులో అర్జీల విభాగం. పనిచేసేది ఇద్దరే. ఒకాయన రిటైర్మెంటుకు దగ్గరపడిన సూపరింటెండెంటు. జీవోలు, సర్క్యులర్లు, భూమి చట్టాలు ఆయనకు నోటికి వచ్చు. రెండో మనిషి కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు అమ్మాయి. సోమవారం వచ్చిందంటే బల్ల మీద కట్టలు పడేవి. ఒకరికి పాసు పుస్తకంలో పేరు తప్పు, ఇంకొకరికి పింఛను ఆగిపోయింది, మరొకరి పొలానికి కేసీ కాలువ నీళ్లు అందలేదు.

అమ్మాయి ఫోన్‌లో ఏఐ అసిస్టెంటు ఉంది. ఒకరోజు అర్జీని ఫోటో తీసి దానికి పంపి, "దీనికి జవాబు రాయి" అంది. నిమిషం తిరగకముందే జవాబు వచ్చింది. అక్షర దోషం లేదు, మర్యాద తప్పలేదు, పేరాలు కుదురుగా ఉన్నాయి. మూడు రోజులు పట్టే కట్ట మధ్యాహ్నం భోజనాల లోపలే తెగిపోసాగింది. పై అధికారి మెచ్చుకున్నాడు. సూపరింటెండెంటు మాత్రం "ఈ వయసులో నాకెందుకులేమ్మా" అని దాని జోలికి పోలేదు. అంతకుముందు ప్రతి కాగితానికీ "సార్, దీనికి ఏ రూలు వర్తిస్తుంది?" అని అడిగే పిల్ల అడగడం మానేసింది. ఆయన కూడా తనను అడగడం లేదేమని అనుకోలేదు. ఆ విభాగానికి అసలు నష్టం అక్కడే మొదలైంది.

ఆళ్లగడ్డలో ఒక శిల్పి ఉన్నాడు. తండ్రి పోయాడు. తండ్రి పేరున ఉన్న నల్లరేగడి పొలం తన పేరుకు మారాలని అర్జీ పెట్టుకున్నాడు. జవాబు ఇంటికి వచ్చింది. చెక్కుతున్న విగ్రహం దగ్గర ఉలీ సుత్తీ పక్కన పెట్టి, ఆ కాగితం పట్టుకుని ఇంటర్నెట్ సెంటరుకు పోయాడు. అక్కడి కుర్రాడు చదివి తల ఎత్తాడు.

"పెద్దాయనా, ధరణి పోర్టల్‌లో పెట్టుకోమని రాసినారే! అది తెలంగాణోళ్లది. వాళ్లకు కూడా ఇప్పుడు అది లేదు, భూభారతి వచ్చింది."

మర్నాడు శిల్పి పని మానుకుని, బస్సెక్కి నంద్యాల వచ్చాడు.

"ఏమ్మా, ఈ కాగితం నువ్వే రాసినావా? శానా బాగుండాది. పని మాత్రం కాలేదు తల్లీ."

అమ్మాయి ముఖం వాడిపోయింది. సూపరింటెండెంటు చెయ్యి చాచి ఉత్తరం తీసుకున్నాడు. ఎర్ర పెన్నుతో మూడు చోట్ల గీత గీశాడు. చిరునామాలో ఆళ్లగడ్డ, కర్నూలు జిల్లా అని ఉంది. ఆళ్లగడ్డ ఇప్పుడు ఉన్న నంద్యాల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. రెండో పేరాలో పట్టాదారు పాసు పుస్తకాల చట్టం, 2020 అని ఉంది. అది తెలంగాణ చట్టం. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది 1971 నాటిది. మూడోది ధరణి. గీతలు గీసిన తర్వాత ఆయన అర్జీ తిప్పి చూశాడు.

"దీని మీద ఈయన ఆధార్ నంబరు ఉండాది కదమ్మా. ఫోటో అట్లనే పంపినావా?"

అమ్మాయి మాట్లాడలేదు.

శిల్పికి కోపం రాలేదు. బెంచీ మీద కూర్చుని తన పని సంగతి చెప్పాడు. "క్వారీ నుంచి రాయి వస్తాది. పైకి నున్నగా, నల్లగా బాగుంటాది. అట్లని ఉలి పెట్టేస్తామా? ముందు సుత్తితో నాలుగు పక్కలా కొట్టి చూస్తాం. గంట మాదిరి ఖంగుమంటే మంచి రాయి. మొద్దుగా పలికిందంటే లోపల యాడనో పగులు ఉన్నట్టే. కొట్టకుండా మొదలుపెడితే ఆ పగులు ఎప్పుడు బయటపడతాదో తెలుసా? అంతా అయిపోయి స్వామి ముక్కు తీర్చేటప్పుడు. అన్ని నెలల పనీ పోతాది. ఈ ఉత్తరాన్ని కొట్టి చూడలేదు నువ్వు."

"ఎట్లా కొట్టాలో నాకు తెలీదు పెద్దాయనా" అంది అమ్మాయి.

శిల్పి సూపరింటెండెంటు వైపు చూశాడు. "ఆ చెవి ఈ సార్‌కు ఉండాది. చూడు, కాగితం పట్టుకోంగానే మూడు పగుళ్లు పట్టినాడు."

ఆ సాయంత్రం నుంచి ఇద్దరి కుర్చీలూ ఒకే కంప్యూటరు ముందుకు చేరాయి. ఇప్పుడు అమ్మాయి అడిగే తీరు మారింది. పేరు, ఆధార్, సర్వే నంబరు తీసేసి సమస్యను తన మాటల్లో రాస్తుంది. "ఇది ఆంధ్రప్రదేశ్, నంద్యాల జిల్లా. తండ్రి చనిపోయాడు, వారసత్వంగా పేరు మార్చాలి. కింద ఇస్తున్న నిబంధనల్లో ఉన్నదే రాయి. అందులో లేనిదాన్ని లేదని చెప్పు. చదువు తక్కువైన మనిషికి అర్థమయ్యేట్టు పది వాక్యాల్లో ముగించు" అంటుంది. ఏ నిబంధన పాఠం ఇవ్వాలో సూపరింటెండెంటు చెబుతాడు. వచ్చిన చిత్తుప్రతిలో ప్రతి తేదీ, ప్రతి చట్టం పేరు, ప్రతి కార్యాలయం పేరు దగ్గర పెన్ను ఆపి అసలు ప్రతితో పోల్చి చూస్తారు.

ఆయనకూ భయం పోయింది. ఇరవై పేజీల ఇంగ్లీషు ఉత్తర్వును తెలుగులో పేజీన్నరకు కుదించమని అడగడం నేర్చుకున్నాడు. కుదించిన దానిలో గడువు ఉన్న వాక్యం జారిపోతే వెంటనే పట్టుకున్నాడు. కట్టలు ఇప్పుడు మునుపటంత వేగంగా తెగడం లేదు, సాయంత్రం దాకా పడుతుంది. కానీ జవాబు తప్పని తిరిగి వచ్చే కాగితం లేదు. శిల్పికి రెండో ఉత్తరం వెళ్లింది. మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం జతచేసి మీసేవలో దరఖాస్తు చేసుకోమని అందులో ఉంది. కింద సంతకం అమ్మాయిది.

నీతి: పనిముట్టు వేగాన్ని ఇస్తుంది, తప్పొప్పులు పట్టే చెవిని ఇవ్వదు. పని తెలిసినవాడి చేతిలోనే ఏఐ మేలు చేస్తుంది.

ఈ యంత్రం కావాలని అబద్ధం చెప్పదు. అది చదివిన కోట్ల పేజీల్లో ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా కట్టి వాక్యం అల్లుతుంది. దశాబ్దాల రాతల్లో ఆళ్లగడ్డ కర్నూలు జిల్లాలోనే ఉంది. తెలుగువాళ్ల భూముల గురించి ధరణి పేరుతో వచ్చిన రాతలకు లెక్కలేదు. అందుకే ఆ మాటలు దాని నోట ముందుగా వస్తాయి. తెలియని చోట కూడా తెలిసినంత ధీమాగా రాస్తుంది కాబట్టి చదివేవాడికి అనుమానం రాదు.

ఇది చిన్న ఉద్యోగులకే జరిగే పొరపాటు కాదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను సరిచూడకుండా ఒక విమాన సంస్థ మీద కేసులో కోర్టుకు సమర్పించారు. ఆ తీర్పులు ఎక్కడా లేవు. జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశాడు. గోప్యత సంగతి ఇంకా బరువైంది. ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో తన ఉద్యోగులకు సర్క్యులర్ ఇచ్చింది. పౌరుల వివరాల రక్షణకు 2023లో చట్టమే వచ్చింది. అర్జీదారు మనల్ని నమ్మి ఇచ్చిన ఆధార్ నంబరును ఎవరి సర్వర్‌లోనో పడేసే హక్కు మనకు లేదు. మీ కార్యాలయం దేన్ని అనుమతించిందో ముందు అడిగి తెలుసుకోండి. అనుమతి లేకపోతే వాడొద్దు.

అట్లని దూరంగా నిలబడటం కూడా తప్పేనని నా గట్టి అభిప్రాయం. 2025 జనవరి 30న మొదలైన మన మిత్రతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందుతున్న రాష్ట్రం మనది. జనం ఫోన్‌లో అడుగుతున్నారు, త్వరగా జవాబు కావాలంటున్నారు. కట్టల కింద నలిగే గుమాస్తాకు ఈ సాయం నిజంగా అవసరం. అయితే శిక్షణ అంటే ఏ బటన్ నొక్కాలో చూపించి పంపేయడం కాదు. ఫైలు చదవడం, చట్టం వెతకడం, గడువు లెక్కకట్టడం దాంతోపాటే నేర్పాలి. ఆ చదువు ఇవాళ రిటైర్మెంటుకు దగ్గరపడిన మనుషుల దగ్గర ఉంది. వాళ్లు వెళ్లిపోతే ఆ పగుళ్లు వినేవాళ్లు ఉండరు.

అందుకే నంద్యాలలో, ఆళ్లగడ్డలో, ఏ ఊళ్లోనైనా కార్యాలయం నడిపే అధికారులకు నా విన్నపం ఒక్కటే. కొత్తగా చేరిన పిల్లలను, పాత సూపరింటెండెంట్లను వారానికి ఒక పూట ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఏఐ రాసిన ఒక ఉత్తరం వాళ్ల ముందు పెట్టి, అందులో తప్పులు వెతకమని చెప్పండి.