పేరు అడగని ఆకాశం

పేరు చెప్పకుండా దక్కే సమానత్వం సమానత్వమేనా? ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఇల్లు అద్దెకు అడగబోయినప్పుడు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు, రైల్లో పక్కసీటాయన "మీ పేరేంటండీ" అని మాట కలిపినప్పుడు ప్రతి ముస్లిమూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న దగ్గర ఆగినవాడే. కొందరం పేరు పొట్టి చేసి చెబుతాం. కొందరం వినీ వినపడనట్టు చెబుతాం. కొందరం ఏదైతే అదవుతుందని పూర్తిగా చెప్పేస్తాం. చెప్పాక ఎదుటి మనిషి ముఖంలో ఏం మారిందో చూస్తాం. అట్లా చూడటం మనకెంత అలవాటైందంటే, అది అలవాటన్న సంగతి కూడా మరిచిపోయాం.

మా మలక్‌పేటకు ఆ పేరు మాలిక్ యాకూబ్ అనే మనిషి వల్ల వచ్చిందంటారు. గోల్కొండ సుల్తాను దగ్గర కొలువు చేసిన నౌకరు అతను. గంజికి మిర్చి బస్తాలు తెచ్చే రైతులు, మెట్రో దిగి కోచింగులకు పోయే పిల్లలు, అన్ని మతాలవాళ్లూ రోజూ ఆ పేరు పలుకుతారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. పేటకు ఉంటే అడ్డురాని పేరు మనిషికి ఉంటే ఎందుకు అడ్డొస్తుంది?

ఈ పాత ప్రశ్నే నాకు ఈమధ్య ఒక కొత్త చోట, ఒక ఆటలో ఎదురైంది. అది కంప్యూటర్ మీద విమానం నడిపే ఆట. మైక్రోసాఫ్ట్ కంపెనీ 1982లోనే ఈ ఆటను అమ్మకానికి పెట్టింది. 2020లో వచ్చిన కూర్పులో ఉపగ్రహ చిత్రాల సాయంతో భూగోళమంతా కనబడుతుంది. ఒక్కడే కూర్చుని ఆడుకుంటే అది ఒంటరి సరదా. కానీ 2001లో మొదలైన వాట్‌సిమ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ దాన్ని సామూహిక వ్యవహారం చేసింది. పదమూడేళ్లు నిండిన ఎవరైనా అందులో చేరవచ్చు. రుసుము లేదు. కొందరు విమానాలు నడుపుతారు. కొందరు పరీక్షలు పాసై, శిక్షణ పొంది, నిజమైన విమానాశ్రయాల్లో లాగే ఆకాశ రద్దీని నియంత్రించే కంట్రోలర్లవుతారు. ఎవరికీ జీతం లేదు. అప్పుడప్పుడూ ముందుగా ప్రకటించి, ఫలానా రోజు ఫలానా విమానాశ్రయాల మధ్య అందరం ఎగురుదాం అని కార్యక్రమాలు పెట్టుకుంటారు. అట్లాంటిక్ సముద్రం దాటే 'క్రాస్ ది పాండ్' వాటిలో పేరున్నది. ఆ రోజు ప్రపంచం నలుమూలల నుంచీ జనం వచ్చి వరసలో నిలబడతారు.

మా అక్క కొడుక్కి పదిహేడేళ్లు. అక్బర్‌బాగ్‌లో రెండు గదుల ఇల్లు. పాత కంప్యూటర్, చెవులకు పెట్టుకునే మైకు, అమ్మీ కుట్టుమిషను పక్కన చిన్న బల్ల. శంషాబాద్ నుంచి చెన్నైకి ఎగిరే అలాంటి ఒక కార్యక్రమంలో వాడు పాల్గొంటుంటే పక్కన కూర్చుని చూశాను. ముందు ప్రయాణ ప్రణాళిక దాఖలు చేశాడు. అనుమతి అడిగాడు. కంట్రోలర్ దారి, ఎత్తు, నాలుగంకెల గుర్తింపు సంఖ్య చెప్పాడు. వీడు ఆ మాటలన్నీ తు.చ. తప్పకుండా తిరిగి అప్పజెప్పాడు. సరిగ్గా విన్నాడని అటువైపు నుంచి ఖరారయ్యాకే విమానం కదిలింది. రన్‌వే దగ్గర బారులు తీరిన విమానాలు. వాటిలో ఒకటి సౌదీ వాళ్ల విమానం పేరుతో ఉంది, ఇంకొకటి జర్మనీ వాళ్ల పేరుతో. నడిపేవాళ్లు ఆ దేశాలవాళ్లే కానక్కర్లేదు. ఎవరు ఏ పిలుపు పేరైనా పెట్టుకోవచ్చు. కంట్రోలర్ తెరమీద కనబడేది ఆ పిలుపు పేరు, ఎత్తు, వేగం. ఎవరి వంతు వస్తే వాళ్లు ఎగురుతారు.

చూస్తున్నకొద్దీ నాకు ఆశ్చర్యం వేసింది. ఈ పిల్లవాడితో ఒక పరాయి మనిషి, కొంత అధికారం చేతిలో ఉన్న మనిషి, ఇంత మర్యాదగా, ఇంత సూటిగా మాట్లాడటం నేనింతకు ముందు చూడలేదు. రాత్రిపూట నల్గొండ చౌరస్తా దగ్గర బండి ఆపి కాగితాలడిగే గొంతు నాకు తెలుసు. ఆ గొంతు వీడికీ తెలుసు.

వాట్‌సిమ్‌లో చేరేటప్పుడు అసలు పేరే ఇవ్వాలి. అయితే నలుగురికీ కనబడే చోట పేరుకు బదులు సభ్యత్వ సంఖ్య పెట్టుకోవచ్చు. మావాడు సంఖ్యే పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే భుజాలెగరేశాడు. "నామ్ సే క్యా కామ్, మామూ" అన్నాడు. పేరుతో పనేముంది అని. వాడితో కలిసి ఆడే విజయవాడ కుర్రవాడు మాత్రం తన నిండు పేరు పెట్టుకున్నాడు. దేవుడి పేరు, ఇంటిపేరు, అన్నీ.

ఆ స్నేహితుడే ఒకసారి కరాచీకి ఎగురుదామన్నాడట. నిజం ఆకాశంలో 2025 ఏప్రిల్‌లో రెండు దేశాలూ ఒకరి విమానాలకు ఒకరు దారులు మూసుకున్నాయి. ఆటలో మూతలు లేవు. మావాడు మాత్రం "నక్కో, కరాచీ నక్కో" అన్నాడు. వద్దంటే వద్దన్నాడు. విజయవాడ పిల్లవాడు ఒక్కడే వెళ్లి దిగి, తెరమీది బొమ్మను ఫొటో తీసి స్నేహితులకు పంపాడు. అందరూ నవ్వుకున్నారు. అందులో తప్పేమీ లేదు. పిల్లల సరదా. కానీ అదే ఫొటో మలక్‌పేటలో మావాడి ఫోన్లో దొరికితే దాన్ని సరదా అని ఎందరనుకుంటారు?

ఈ భయం ఎక్కణ్నుంచి వచ్చింది? విమానం, ముస్లిం అనే రెండు మాటలు 2001 సెప్టెంబర్ 11 తర్వాత ప్రపంచమంతటా ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ తన విమానాల ఆట కొత్త కూర్పులోంచి న్యూయార్క్ జంట శిఖరాలను తీసేసింది. వాట్‌సిమ్‌లో ఈనాటికీ ఒక కట్టడి ఉంది. విమానాలకిచ్చే నాలుగంకెల్లో 7700 అంటే ఆపద, 7600 అంటే రేడియో చెడింది, 7500 అంటే హైజాక్. ఈ 7500ను ఆటలో కూడా ఎవరూ వాడకూడదు. మంచి నియమం. అందరికీ ఒకటే నియమం. కానీ ఆ అంకె పొరపాటున నొక్కుతానేమోనని వేళ్లు వణికేది ఎవరికి?

మాకు దగ్గరి చరిత్ర కూడా ఉంది. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. చచ్చిపోయింది నమాజుకు వచ్చినవాళ్లు. పోలీసులు పట్టుకెళ్లింది కూడా ముస్లిం యువకులనే. తర్వాత న్యాయస్థానాలు నిర్దోషులని వదిలేశాయి. నిర్దోషిని నిర్దోషి అని చెప్పించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగిన కుర్రవాళ్ల కథలు వింటూ పెరిగిన తరం ఇది. చంచల్‌గూడ జైలు గోడ మా పేటకు కూతవేటు దూరం. కరాచీ నక్కో అన్న పిల్లవాడు పిరికివాడు కాదు. లోకం తెలిసినవాడు. పదిహేడేళ్లకే అంత లోకం తెలియడమే అన్యాయం.

ఆట అంటే ఏమిటి? చేసినదానికి పర్యవసానం లేని చోటు. ఓడిపోయినా, దారితప్పినా, కూలిపోయినా మళ్లీ మొదలుపెట్టుకునే చోటు. ఆటలో కూడా పర్యవసానం లెక్కేసుకునేవాడికి ఆడుకునే హక్కు సగమే ఉన్నట్టు. హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం చదువు, ఉద్యోగం, రిజర్వేషన్ అంటాం. అవన్నీ కావాలి. కానీ తేలిగ్గా ఉండే హక్కు కూడా ఒకటుంది. సంజాయిషీ లేకుండా నవ్వుకునే హక్కు. దాన్ని ఏ జీవో ఇవ్వలేదు.

సెక్యులర్ మిత్రుడొకాయన ఇదంతా విని, "చూశారా, పేర్లు, మతాలు పక్కన పెడితే లోకం ఎంత సజావుగా నడుస్తుందో" అన్నాడు. ఆయన మనసు మంచిది. కానీ ఒక సంగతి గమనించలేదు. విజయవాడ పిల్లవాడు పేరు పక్కన పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. నియమం ఇద్దరికీ ఒకటే. ఒకడికది వెసులుబాటు, ఇంకొకడికది రక్షణ. పేర్లు వదిలేద్దాం అన్న ప్రతిసారీ వదులుకోవాల్సింది ఎవరి పేరో అడగాలి.

మా పెద్దాయన ఒకరు ఇంకో వైపు నుంచి కోప్పడ్డారు. పేరు దాచుకోవడం ఈమాన్ బలహీనత అన్నారు. ఆయనతోనూ ఏకీభవించలేను. సంఖ్య పెట్టుకోవడం వేరు, రాజు అనో రవి అనో పెట్టుకోవడం వేరు. మొదటి దాంట్లో చెప్పకపోవడమే ఉంది, అబద్ధం లేదు. ఎవరినీ మోసగించలేదు. రెండో దారి పట్టినవాళ్లనూ నేను తప్పుపట్టను. గది దొరక్క వారాల తరబడి తిరిగినవాడికి నీతి చెప్పడం తేలిక. కాని ఆ దారిలో ఒక నష్టం ఉంది. రాజు పేరుతో సంపాదించిన స్నేహం రాజుకే చెందుతుంది. రహీముకు చెందదు. అతనికి అన్నం పెట్టిన ఇల్లు నిజానికి అతనికి పెట్టలేదు. ఎప్పుడు బయటపడుతుందో అని రోజూ బతకాలి. ఇక ధైర్యంగా పేరు చెప్పమనేవాళ్లు ఆ ధైర్యానికయ్యే ఖర్చు కూడా పంచుకోవాలి. పిల్లవాడి చేత కట్టించి మనం శభాష్ అంటే అది న్యాయం కాదు.

మరి ఆ ఆటలో నేను చూసిన మర్యాదకు విలువ లేదా? ఉంది. అక్కడి కంట్రోలర్ మావాణ్ని ప్రేమించలేదు. సహించడం కూడా చేయలేదు. వరస తప్పలేదు, అంతే. ఆ వరస అతనికి పుట్టుకతో రాలేదు. నేర్చుకున్నాడు, పరీక్ష రాశాడు. చెప్పింది తిరిగి చెప్పించుకోవడం, విన్నది సరిచూసుకోవడం వాళ్ల పద్ధతి. ఈ పద్ధతి ఊరికే రాలేదు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. ఉండమన్న ఎత్తు కంటే కజక్ విమానం కిందికి దిగింది. మాట ఒకటై, అమలు ఇంకొకటైతే ఏమవుతుందో ఆకాశానికి తెలుసు. నేలమీద మనం ఒకరి మాట ఒకరం తిరిగి చెప్పి సరిచూసుకోం. "మీరన్నది ఇదేనా" అని అడగం. మీరు ఇట్లాంటోళ్లే అని ముందే రాసిపెట్టుకుంటాం.

మెజారిటీ సమాజం నుంచి మేం కోరుతున్నది ప్రేమ కాదు. రంజాన్ హలీం పొగడ్తలు, కవ్వాలీ పొగడ్తలు చాలా విన్నాం. వరస తప్పకుంటే చాలు. కార్యాలయంలో, ఠాణాలో, అద్దె ఇంటి గడప దగ్గర, పేరు విన్నాక కూడా వరస అదే ఉంటే చాలు.

అయితే వరస సంగతి ఎత్తాక మన ఇంటి సంగతీ మాట్లాడాలి. మావాడి చెల్లెలికీ ఈ ఆట వచ్చు. అన్నకంటే నేర్పుగా దించుతుందని వాడే చెప్పాడు. కానీ ఆ పిల్ల మైకులో మాట్లాడదు. టైపు చేస్తుంది. అలా చేయడానికి కూడా అక్కడ వీలుంది. పరాయి మగాళ్లకు ఆడపిల్ల గొంతు ఎందుకు వినబడాలని ఇంట్లో అన్నారట. అన్న తన పేరు దాచుకున్నది బయటివాళ్లకు భయపడి. చెల్లెలు తన గొంతు దాచుకున్నది ఇంటివాళ్లకు భయపడి. మొదటి భయం గురించి సభలు పెడతాం, వ్యాసాలు రాస్తాం. రెండోదాన్ని తహజీబ్ అంటాం. దూదేకుల వాళ్ల పేరు వినగానే మన పెదవి మీదికి వచ్చే నవ్వు సంగతేమిటి? అక్కడ పేరు విని ముఖం మార్చుకున్నది మనం కాదా?

పాతబస్తీ బేకరీ కార్మికుడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా హిజాబ్‌తోనే విమానం నడపడం నేర్చుకుని, 2013లో కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. 'సియాసత్' పత్రిక సంపాదకుడు జాహిద్ అలీ ఖాన్ ఆమె చదువుకు చేయూతనిచ్చారు. నిజమైన రేడియోలో, నిజమైన కంట్రోలర్లతో ఆమె గొంతు విప్పి మాట్లాడింది. ఆకాశం విరిగిపడలేదు. నిజాం రాజ్యానికి 1945లోనే దక్కన్ ఎయిర్‌వేస్ ఉండేదని గొప్పలు చెప్పుకునేవాళ్లున్నారు. అది మా తాతల విమానం కాదు. మలక్‌పేట పేదలకు విమానమంటే ఏళ్ల తరబడి దుబాయే. 2008 దాకా బేగంపేట వాకిట్లో కొడుకులను సాగనంపి కళ్లు తుడుచుకున్న అమ్మీలదే మా విమాన చరిత్ర. ఆ చరిత్రలో సల్వా ఫాతిమా మాకు కొత్త పేజీ. ఆ పేజీ చూపించి మురిసిపోతూ మన ఇంటి పిల్ల మైకు కట్టేస్తే మనకు అడిగే నోరుండదు.

పేరు చెప్పకపోవడం తప్పు కాదు. చెప్పడం గొప్పా కాదు. చెప్పినా చెప్పకపోయినా ఒకే ఖర్చయ్యే రోజు రావాలి, అంతే. ఆ రోజు తెచ్చే బాధ్యత పేరున్నవాడి మీద కంటే పేరు వినేవాడి మీద ఎక్కువ. బయట వినేవాళ్లు మీరు. ఇంట్లో వినేవాళ్లం మేం. మావాడు నిండు పేరుతో, విసుగుపుట్టి, వేరే పనేమీ లేక కరాచీకి ఎగిరివచ్చి, ఆ సంగతి రెండోరోజుకే మరిచిపోగలిగితే మనం కొంచెం బాగుపడ్డామని నేను ఒప్పుకుంటాను. పక్కనుంచి వాడి చెల్లెలు మైకు లాక్కుని దిగే అనుమతి అడిగితే ఇంకొంచెం.