ఏమరుపాటు ఎవరిది?

‘ప్రమాదం’ అన్న మాటకు సంస్కృతంలో అసలర్థం ఏమరుపాటు. తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ అర్థం కొత్తది కాదు. కాని ఫాక్టరీల్లో మనుషులు కాలిపోయిన వార్త చదివినప్పుడల్లా ఒక ప్రశ్న వేధిస్తుంది: ఏమరింది ఎవరు?

‘కార్మికుడే’ అన్న జవాబు యజమానుల వద్ద సిద్ధంగా ఉంటుంది. చేతికి తొడుగు వేసుకోలేదు, చెప్పినట్టు చెయ్యలేదు. ఇందులో కొంత నిజం ఉండవచ్చు. మనిషన్నవాడు ఏమరుతాడు, పన్నెండు గంటలు కొలిమి ముందు నిలబడ్డవాడు మరీ ఏమరుతాడు. ఈ సంగతి అందరికీ ముందే తెలుసు. తెలిసి కూడా, ఒక్క క్షణం పరాకుకు ప్రాణమే మూల్యమయ్యేలా పనిని ఏర్పాటు చెయ్యడమే అసలు ఏమరుపాటు అంటాను.

కరిగిన లోహం కింద తడి చిక్కితే, ఆ నీరు ఆవిరై సుమారు 1,600 రెట్లు వ్యాకోచించి లోహాన్ని మనుషుల మీదికి చిమ్ముతుంది. కొలిమిలో వేసే తుక్కును ముందే ఆరబెట్టాలి. చక్కెరపొడి వంటి మెత్తని పొడి గాలిలో లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పొడి పేరుకోకుండా చూడాలి, యంత్రాలకు ఎర్తింగు ఉండాలి, పేలుడు బయటికి పోయే దారి కట్టాలి. ఆవిరి గొట్టం విప్పే ముందు వాల్వుకు తాళం వేసి, తాళంచెవి ఆ పని చేసేవాడి దగ్గరే ఉంచాలి. వీటికి డబ్బు కావాలి, ఒక్కోసారి ఉత్పత్తి ఆపాలి. ఆ అధికారం ఎవరిదో బాధ్యతా వారిదే. చేతితొడుగు చిట్టచివరి రక్షణ. దాన్నే మొదటిదిగా చూపడం బాధ్యతను బలహీనుడి మీదికి నెట్టడమే.

1911 మార్చి 25న న్యూయార్కులో ట్రయాంగిల్ కుట్టు ఫాక్టరీ తగలబడి 146 మంది మరణించారు. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. ఆ సంగతి యజమానులకు అప్పుడు తెలుసునని రుజువు కాలేదని జూరీ వారిని వదిలిపెట్టింది. ‘వారికి తెలుసా?’ అని చట్టం అడిగింది. ‘తెలుసుకోవలసిన వారెవరు?’ అని నీతి అడగాలి. తెలియకపోవడమే ఇక్కడ ప్రమాదం, ఆ మాట అసలర్థంలో.

2025 జూన్ 30న పాశమైలారంలో, మందుబిళ్లల్లో కలిపే పొడిని తయారుచేసే ఫాక్టరీ పేలి నలభైమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు. మృతదేహాలను గుర్తించడానికి డి.ఎన్.ఏ. పరీక్షలు కావలసివచ్చాయి. ఇటువంటి చావులను తలరాత అనేవాళ్లు మనలో ఇంకా ఉన్నారు. తలరాతకు విచారణ ఉండదు. అందుకే ఆ మాట కొందరికి అంత ఉపయోగం.

నష్టపరిహారం చావు తర్వాతి లెక్క. దానికి ముందు కావలసిన హక్కు ఒకటుంది: ‘ఇక్కడ ప్రాణాపాయం ఉంది, సరిచేసేదాకా పని ముట్టుకోను’ అన్న కార్మికుడి ఉద్యోగం పోకూడదు. ఒంటరివాడు ఆ మాట అనలేడు. సంఘం అనగలదు.