దమ్ము పెరిగిందని ఎలా తెలుస్తుంది?

స్పోర్ట్స్ వాచీ తెర మీద కనిపించే వీఓటూ మ్యాక్స్ అంకె అనుమాన ప్రమాణం వల్ల, అంటే కనిపించే గుర్తు నుంచి కనిపించని విషయాన్ని ఊహించడం వల్ల, కలిగే జ్ఞానం. శరీరం నిమిషానికి, కిలో బరువుకు, గరిష్ఠంగా ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలదో ఆ అంకె చెబుతుంది. వాడుకలో దమ్ము అనేదానికి ఇదే శాస్త్రీయమైన కొలమానం. 1920లలో బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ హిల్ దీనికి పునాది వేశాడు. దీన్ని నేరుగా కొలవాలంటే ముఖానికి మాస్కు తగిలించి, ట్రెడ్‌మిల్ మీద ఇక చేతకాదనేంత వరకు పరిగెత్తించి, పీల్చిన గాలినీ వదిలిన గాలినీ విశ్లేషించాలి. వాచీకి ఆ అవకాశం లేదు. దానికి ప్రధానంగా దొరికేవి రెండు: జీపీఎస్ చెప్పే వేగం, మణికట్టు మీద పడి తిరిగొచ్చే ఆకుపచ్చ కాంతి హెచ్చుతగ్గుల నుంచి లెక్కగట్టిన గుండె వేగం. ఒకే వేగంతో పరిగెత్తుతున్నప్పుడు గుండె నెమ్మదిగా కొట్టుకుంటే దమ్ము ఎక్కువని అది తేలుస్తుంది.

పోయిన నెల 42 చూపిన వాచీ ఈ నెల 43 చూపితే, ఆ ఒక్క అంకె పెరుగుదలను జ్ఞానం అనవచ్చా? ఏది ప్రమ (సరైన జ్ఞానం), ఏది సంశయం, ఏది భ్రమ అని శతాబ్దాలపాటు వాదించుకున్న భారతీయ తార్కికులకు ఇది కొత్త ప్రశ్న కాదు. అనకాపల్లిలో ఉదయం పూట పరిగెత్తేవారికి ఆ వాదాల నేల కూడా దగ్గరే. పట్టణానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, శంకరం గ్రామం దగ్గర, బౌద్ధ క్షేత్రాలైన బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. కొండరాతిలోనే తొలిచిన స్తూపాలు, గుహలు, ఇటుక విహార శిథిలాలు అక్కడ నేటికీ నిలిచి ఉన్నాయి.  7వ శతాబ్దంలో ఆంధ్ర దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, వేంగి సమీపంలోని ఒక కొండను ప్రస్తావించి, బౌద్ధ తార్కికుడైన దిఙ్నాగుడు హేతువిద్యా (తర్క) గ్రంథం రాసింది అక్కడేనని చెప్పాడు. హేతువు, అంటే అనుమానానికి ఆధారమైన గుర్తు, ఎప్పుడు నమ్మదగినదో తేల్చిన ఆ ఆచార్యుడి సూత్రం వాచీ అంకెకు అచ్చంగా సరిపోతుంది.

దిఙ్నాగుడి ప్రకారం సరైన హేతువుకు మూడు లక్షణాలుండాలి. అది పక్షంలో, అంటే విచారిస్తున్న వస్తువులో, ఉండాలి. సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్న ఇతర చోట్ల, అంటే సపక్షంలో, కనిపించాలి. సాధ్యం లేని చోట, అంటే విపక్షంలో, ఎక్కడా కనిపించకూడదు. వాచీ హేతువు ‘అదే వేగానికి గుండె నెమ్మదించింది’. సాధ్యం ‘దమ్ము పెరిగింది’. మొదటి రెండు లక్షణాలకు లోటు లేదు. శిక్షణ పొందిన గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. చిక్కంతా మూడో లక్షణం దగ్గరే. దమ్ము రవ్వంతైనా పెరగకుండానే గుండె నెమ్మదించే, లేదా నెమ్మదించినట్టు కనిపించే, సందర్భాలు బోలెడు. రాత్రి బాగా నిద్ర పట్టింది, వెనుక నుంచి గాలి వీచింది, తెల్లవారుజాము చల్లగా ఉంది, వాచీ పట్టీ వదులై సెన్సర్ తప్పు చదివింది. విపక్షంలోనూ కనిపించే ఇలాంటి హేతువును తార్కికులు అనైకాంతికం అన్నారు. ఒక్క రోజు అంకె మీద ఆధారపడి దమ్ము పెరిగిందనడం ఆ దోషం కిందికే వస్తుంది.

కోస్తా వాతావరణం ఈ దోషాన్ని మరింత పెంచుతుంది. వైశాఖ మాసంలో అనకాపల్లి ఉదయపు గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. ఒంటిని చల్లబరచడానికి శరీరం చర్మం వైపు ఎక్కువ రక్తాన్ని మళ్లిస్తుంది, చెమట రూపంలో నీరు పోతుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది; అందుకని గుండె వేగం పెరుగుతుంది. పరుగు అదే, కష్టపడేది అదే గుండె, అయినా వాచీ అంకె పడిపోతుంది. మార్గశిరంలో చలి మొదలవగానే అదే అంకె తిరిగి పైకి లేస్తుంది. కొన్ని వాచీలు ఫోన్ నుంచి ఉష్ణోగ్రత తీసుకుని సవరించే ప్రయత్నం చేస్తాయి. ఆ సవరణ కూడా ఒక అనుమానమే. మే నెల అంకె చూసి కుంగిపోవడం, డిసెంబరు అంకె చూసి పొంగిపోవడం రెండూ రుతువును శిక్షణగా పొరబడటమే.

న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు ఇలాంటి దాగిన నిబంధనను ఉపాధి అన్నారు. నిప్పున్న ప్రతిచోటా పొగ ఉండదు. తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. అక్కడ తడి కట్టె ఉపాధి. ఉపాధిని పట్టుకుని తొలగిస్తే అనుమానం గట్టిపడుతుంది. వాచీ విషయంలో ఆ పని ఎవరైనా చేయగలిగినదే: అదే దారి, అదే వేళ, అదే చెప్పులు, దాదాపు అదే ఎండ, ఛాతీకి కట్టుకునే పట్టీతో గుండె కొలత, పోల్చేటప్పుడు ఈ జనవరిని పోయిన జనవరితో పోల్చడం. ఇక్కడ ఒక ఊరట కూడా ఉంది. వాచీ అంచనాకు కావలసిన గరిష్ఠ గుండె వేగాన్ని 220 నుంచి వయసు తీసేసి లెక్కించే పాత సూత్రంతో చాలామందికి పదేసి స్పందనల తేడా వస్తుంది. దానివల్ల అంకె అసలు విలువ తప్పవచ్చు. కానీ ఆ తప్పు ప్రతిసారీ ఒకే వైపు, ఒకే మేరకు ఉంటే మార్పును తెలుసుకోవడానికి పెద్దగా అడ్డు రాదు. అడ్డొచ్చేది రోజుకో తీరుగా మారే దోషమే.

ఆ దోషం పరిమాణం ఎంత? ఫిన్లాండ్‌కు చెందిన ఫస్ట్‌బీట్ సంస్థ ఈ అంకెను అంచనా వేసే పద్ధతికి, ఆ సంస్థ తానే చెప్పుకున్న సగటు దోషం సుమారు 5 శాతం.  42లో 5 శాతమంటే రెండుకు పైనే. పైగా చాలా వాచీలు పూర్ణాంకాన్నే చూపుతాయి, 42.4 నుంచి 42.6కు జరిగినా తెర మీద 42 పోయి 43 వస్తుంది. ప్రయోగశాల మాస్కు పరీక్షలోనూ ఒకే మనిషికి వారం తేడాతో కొన్ని శాతాల తేడా వస్తుంది, ఎందుకంటే శరీరమే స్థిరంగా ఉండదు. సర్వం క్షణికమన్న బౌద్ధులకు ఇందులో వింతేమీ కనిపించదు. మార్పు నిరంతరం జరుగుతూనే ఉంటుంది; అది ప్రమాణానికి అందేంత పెద్దదా అన్నదే ప్రశ్న. అందనప్పుడు సంశయంలో నిలవడం తప్పు కాదు. గౌతమ మహర్షి న్యాయసూత్రాలు సంశయాన్ని పదహారు పదార్థాలలో ఒకటిగా చేర్చాయి. విచారణకు అది ద్వారం.

అంకెను పక్కనపెట్టి ఆయాసాన్నే నమ్మవచ్చు కదా అనే వాదం కూడా ఉంది. అది సగమే నిజం. తన అనుభూతి తనకు తెలియడాన్ని దిఙ్నాగుడు స్వసంవేదన అన్నాడు, ప్రత్యక్షంలోనే చేర్చాడు. ఆయాసం తగ్గిందని అనిపించడంలో సందేహానికి చోటు లేదు. కానీ దాన్నిబట్టి గుండె బలపడిందనడం మళ్లీ అనుమానమే, దానికీ ఆ మూడు లక్షణాల పరీక్ష తప్పదు.

జ్ఞానం సంగతి ఇలా ఉంటే, అంకె మనసును ఏం చేస్తుందన్నది మరో ప్రశ్న. వాచీ ఆ అంకెను అదే వయసు వారితో పోల్చి, మెరుగు, సాధారణం, తక్కువ అని వర్గీకరిస్తుంది. బౌద్ధంలో మానం (పోల్చుకునే అహం) అనే సంయోజనానికి, అంటే బంధానికి, సరిగ్గా మూడు రూపాలున్నాయి: ఎక్కువనుకోవడం, సమానమనుకోవడం, తక్కువనుకోవడం. తక్కువనుకోవడం వినయం కాదా అని తోచవచ్చు. పోలికలో ‘నేను’ నిలబడినంతకాలం అదీ బంధమేనన్నది ఆ ధర్మం లోతు. బంధాలన్నీ తెంచుకున్న అర్హతుడికి తప్ప అది పూర్తిగా తెగదు. ఆ పోలిక అతి ప్రయత్నానికీ దారితీయవచ్చు; దాన్ని గురించి బౌద్ధంలో సోణుడి కథ ఉంది. నడక ధ్యానంలో పాదాలు నెత్తురోడేలా శ్రమించి, ఫలం దక్కక విసిగిపోయిన ఆ భిక్షువుకు బుద్ధుడు వీణ తీగలను గుర్తుచేశాడు. మరీ బిగిసినా, మరీ వదులైనా తీగ పలకదు. అంకె పెరగలేదని విశ్రాంతి రోజు కూడా పరుగుకు దిగేవారి స్థితి సోణుడిదే.

ఫలం మీద పట్టు సడలించడానికి శాస్త్రం కూడా ఒక కారణం చూపుతుంది. క్లాడ్ బుషార్ నాయకత్వంలో జరిగిన హెరిటేజ్ అధ్యయనంలో వందలాది మంది 20 వారాలపాటు ఒకే ప్రణాళిక ప్రకారం శిక్షణ పొందారు. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సగటున నిమిషానికి 400 మిల్లీలీటర్ల వరకు పెరిగింది. కొందరిలో దాదాపు ఏమీ పెరగలేదు, కొందరిలో లీటరు దాకా పెరిగింది. ఈ తేడాలో వంశపారంపర్యానికి గణనీయమైన వాటా ఉందని అదే అధ్యయనం చూపింది. పక్కవాడి అంకె తన అంకెకు సపక్షం కాజాలదు.

కాబట్టి గట్టిగా చెప్పగల మార్పు ఇలా ఉంటుంది. ఒకే రుతువులో, ఒకే దారిలో, కొన్ని వారాల సగటు తీసుకున్నప్పుడు 40 నుంచి 44కు పెరిగి, అదే గుండె వేగంతో అదే దూరం తక్కువ సమయంలో పూర్తవుతూ, ఆ పరుగులో ఆయాసం కూడా తగ్గితే, మూడు హేతువులు ఒకే సాధ్యం వైపు చూపుతున్నట్టే. 10 శాతం పెరుగుదల పద్ధతి దోషానికి రెట్టింపు. అక్కడ అనుమానం నిలుస్తుంది. అంతకన్నా చిన్న మార్పును మరో రుతువు గడిచాక, అదే చల్లదనంలో, మళ్లీ చూడాలి.