కాలదోషం పట్టని బాకీ

విద్యాదానం అన్ని దానాల్లోకీ గొప్పదని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. వయోజన విద్య దగ్గరికొచ్చేసరికి ఆ మాట నా మనసుకు ఎక్కదు. చిన్నప్పుడు బడి దక్కని మనిషికి ఏ యాభయ్యో ఏటనో అక్షరాలు దిద్దించడం బాకీ తీర్చడమే. దానమిచ్చేవాడు ఎంతివ్వాలో, ఎప్పుడు ఆపాలో తానే నిర్ణయించుకోవచ్చు. బాకీపడ్డవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఈ బాకీకి పత్రం కూడా ఉంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్ళలోగా పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందేలా చూడాలని 45వ అధికరణంలో రాసుకున్నాం. 1960 వచ్చింది, పోయింది. బడికి వెళ్ళాల్సిన ఆడపిల్లలు గొడ్ల వెంట, నాట్లకు, కలుపులకు వెళ్ళారు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో (అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే) సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ దాకా విద్య హక్కేనంది. ఆ పైన ప్రభుత్వ స్తోమతను బట్టి అంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం కూడా ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకే. మంచి చట్టమే, కాదనను. కానీ మొదట బాకీపడింది ఎవరికో, వాళ్ళకు అప్పటికే మనవలు పుట్టారు. ప్రోనోటుకు మూడేళ్ళలో కాలదోషం పడుతుంది సరే, రావలసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారని ఈ బాకీ చెల్లిపోతుందా?

అప్పు విషయంలో మన ధర్మశాస్త్రాలు చాలా కఠినం. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్న నియమాన్ని 2005లో హిందూ వారసత్వ చట్టం సవరించేదాకా కోర్టులు కూడా పాటించాయి. పుట్టుకతోనే మూడు ఋణాలుంటాయనీ, వాటిలో ఋషిఋణం చదువుతో తీరుతుందనీ తైత్తిరీయ సంహిత చెబుతుంది. అయితే అది బ్రాహ్మణుడి గురించి చెప్పిన మాట. శూద్రులనీ, పంచములనీ, ఆడవాళ్ళనీ ఆ చదువు దరిదాపులకు రానివ్వలేదు. ఆ సంగతి దాటవేసి ఋషిఋణం గొప్పతనం చెప్పడం నాకు చేతకాదు. ఋషుల బాకీ తీర్చుకున్నవాళ్ళు గడప బయట నిలబెట్టినవాళ్ళకు పడ్డ బాకీ ఏమైంది? రాజ్యాంగాన్ని ఆమోదించుకున్న నాడే దాన్నీ ప్రభుత్వం నెత్తికెత్తుకుందని నా నమ్మకం.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అనే సాక్షరతా ఉద్యమం నడిచినప్పుడు నేనూ ఒక వాలంటీరుని. రామాలయం అరుగు మీద చెబుతామంటే దళితవాడ ఆడవాళ్ళు రాలేదు. ఎందుకు రాలేదో వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళ చర్చి వరండాలోకే లాంతరు పట్టుకెళ్ళాం. అక్కడ ఒక పెద్దమ్మ, కలుపులకు వెళ్ళే మనిషి, బలపాన్ని పిడికిట్లో బిగించి పట్టుకునేది. పలక మీద గీత పడేటప్పుడు కిర్రుమనేది. "అన్నీ నాకెందుకు పాపా, మేస్త్రి పుస్తకంలో నా పేరెక్కడుందో కనిపెట్టేట్టు చెయ్, చాలు" అంది. కొన్నాళ్ళకు ఆ పేరు కనిపెట్టింది. దాని పక్కన హాజరు గీతలు వేలితో లెక్కపెట్టుకుని, తాను పోయిన రోజులకు ఒక గీత తక్కువుందని మేస్త్రిని అడిగింది. అతను మాట్లాడకుండా ఆ గీత గీశాడు.

ఈ సంగతి చెబితే మా మామయ్య అన్నాడు, "వయసుడిగాక అక్షరాలెందుకమ్మాయ్, నామస్మరణ చాలదూ?" అని. ఆయన భక్తిని నేను శంకించను. ముక్తికి అక్షరం అక్కర్లేదనే నేనూ నమ్ముతాను. ఆ పెద్దమ్మకు కీర్తనలు మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు, ప్రార్థన ఆమెకు మేం నేర్పేది కాదు. కానీ చదువు వద్దనుకోవడానికి ముందు అది చేతిలో ఉండాలి. ఎన్నడూ ఇవ్వనిదాన్ని వదులుకోమనడం ఏ వైరాగ్యం కిందికీ రాదు.

అదే జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు వాచకంలో సారాపై తిరగబడ్డ సీతమ్మ కథ చదివి, సారా దుకాణం మూయించారు. వాళ్ళలో రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. ఊరూరా సారా వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించక తప్పలేదు. అక్షరదీపం రాత్రిబడులకు ప్రభుత్వ సొమ్ము అందింది. వాటిలో చదువుకున్నవాళ్ళు ప్రభుత్వ ఆబ్కారీ రాబడికే అడ్డుపడ్డారు. దానమిచ్చామనుకునేవాడికి ఇది కృతఘ్నతలా కనిపిస్తుంది. బాకీ తీర్చినవాడు మాత్రం ఆ డబ్బు ఏం చేశావని ఎదుటివాణ్ణి నిలదీయలేడు. సాక్షరత గురించి నేను ఇంత పట్టుదలగా ఉండటానికి దూబగుంటే కారణం.

తర్వాతి లెక్కలు నన్ను బాధపెడతాయి. 2009లో మొదలైన సాక్షర భారత్ అనే వయోజన విద్యా పథకం 2018 మార్చితో ఆగింది. ఇప్పుడు ఉల్లాస్ పేరుతో నడుస్తున్న కార్యక్రమానికి 2022 నుంచి 2027 దాకా కేంద్రం, రాష్ట్రాలు కలిపి 1,037.90 కోట్ల రూపాయలు. లక్ష్యం 5 కోట్ల మంది. అంటే తలకు 207 రూపాయల చిల్లర. చెప్పేవాళ్ళు జీతం లేని వాలంటీర్లు. నేనూ అలాగే చెప్పాను కాబట్టి వాళ్ళంటే నాకు గౌరవం. కానీ మాలో పెళ్ళిళ్ళయినవాళ్ళు, ఉద్యోగాలొచ్చినవాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోయాం. వరండాలో లాంతరు వెలిగించే మనిషి లేకపోయేసరికి నేర్చుకున్న అక్షరాలు కూడా చాలామంది మరిచిపోయారు. ప్రభుత్వం తాను పడ్డ బాకీని ఊళ్ళో కుర్రాళ్ళ మంచితనంతో తీర్చుకుంటానంటే ఎలా?

పద్నాలుగేళ్ళ గీతను దాటి, అక్షరం అడిగిన ఏ వయసు మనిషికైనా ప్రభుత్వం జవాబు చెప్పేలా చట్టం రావాలి. పంచాయతీకి ఒక జీతమున్న టీచరు, కూలి పని ముగిశాక మొదలయ్యే తరగతి, చంటిపిల్లల్ని వెంట తెచ్చుకునే వీలు ఉండాలి. అమ్మమ్మ పలక పట్టిన గదిలోనే మనవరాలు హోంవర్కు రాసుకోవచ్చు, తల్లి దాన్ని చదివి చూసుకోవచ్చు. ఆ టీచరు జీతానికి వచ్చే రాష్ట్ర బడ్జెట్లో వేరుగా ఒక పద్దు చూపించాలి.