ప్రతిరూపంలో సత్యనిష్ఠ

ఒక ప్రాచీన చిత్రాన్ని గ్రంథంలో ముద్రించేవారు దేనికి విధేయులై ఉండాలి? నేడు ఎదుట ఉన్న గోడకా, దానిపై గీసిన చిత్రకారుని సంకల్పానికా, పుస్తకం తెరిచే పాఠకుని కంటికా? పైకి ఇది ముద్రణాలయానికి సంబంధించిన సాంకేతిక విషయంగా తోస్తుంది. కాని ప్రజాధనంతో సాంస్కృతిక గ్రంథాలు ప్రచురించే సంస్థలకు ఇది తప్పించుకోరాని నైతిక ప్రశ్న. డిజిటల్ ఛాయాచిత్రం వచ్చిన తరువాత రంగును మార్చడం క్షణాల పని అయింది. అందువల్ల ప్రశ్న మరింత తీవ్రమైంది.

అజంతా చరిత్ర ఈ విషయంలో మనకు గొప్ప పాఠం. 1844లో నియుక్తుడైన రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి శ్రమించి వేసిన నకళ్లలో అధికభాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో నశించాయి. 1872 నుండి జాన్ గ్రిఫిత్స్ బొంబాయి కళాశాల విద్యార్థులతో వేయించిన నకళ్లలో అనేకం 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో అగ్నికి ఆహుతయ్యాయి. అజంతా నాడు హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. ఆ ప్రభుత్వం 1920-22 మధ్య ఇటలీ నిపుణులను రప్పించి చిత్రాలకు సంరక్షణ చేయించింది. వారు పూసిన లక్క వార్నిషు కాలక్రమాన పసుపుబారి, అసలు వర్ణాలను మరుగుపరచింది. పురావస్తుశాఖ సంచాలకులు గులాం యజ్దానీ 1930 నుండి 1955 వరకు నాలుగు భాగాలుగా వెలువరించిన 'అజంతా' గ్రంథం ఛాయాచిత్రాల ఆధారంగా తయారైంది. ఆ పుటలు నేడు అలంకారాలు మాత్రమే కావు. నాడు గోడమీద ఏమి మిగిలి ఉండేదో చెప్పే సాక్ష్యాలు. మూలం క్షీణిస్తున్న కొద్దీ ప్రతిరూపం దస్తావేజు అవుతుంది.

అయితే మానవ నిర్ణయం సోకని ప్రతిరూపం లేదు. తెరమీది రంగు వెలువడే కాంతి. కాగితంమీది రంగు సిరా పీల్చుకోగా మిగిలిన కాంతి. తెరపై కనిపించే వర్ణాలన్నీ నాలుగు సిరాలకు లొంగవు. అజంతాలో వాడిన లాజవర్దపు నీలం వంటి ఛాయలు అచ్చులో ఊదారంగుకు జారవచ్చు, లేదా మసకబారవచ్చు. అతి సమీపమైన ఛాయను ఎవరో ఒకరు ఎంచుకోవలసిందే. ఆ ఎంపిక అభిరుచికి లోబడకుండా ఉండేందుకే ప్రమాణాలు ఏర్పడ్డాయి. చిత్రం పక్కన, అదే వెలుగులో, 24 రంగుల గడుల ప్రమాణఫలకాన్ని కూడా ఫొటో తీస్తారు. 1993లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం రూపొందించిన పద్ధతి ప్రకారం కెమెరాకు, తెరకు, ముద్రణకు వేర్వేరు వర్ణలక్షణ పత్రాలు సిద్ధం చేస్తారు. ప్రూఫును 5000 కెల్విన్ల ప్రామాణిక కాంతిలో పరిశీలిస్తారు. ఇవన్నీ సాధనాల దోషాన్ని కొలిచి సవరించే మార్గాలు.

స్ఫుటత్వం విషయమూ ఇంతే. ముద్రణ పరిమాణంలో అంగుళానికి సుమారు 300 పిక్సెళ్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. చాలని చిత్రాన్ని సాగదీస్తే సంఖ్య పెరుగుతుందే గాని కొత్త సమాచారం పుట్టదు. కటకమూ, కాగితంపై వ్యాపించే సిరా కలిగించే మెత్తదనాన్ని పూరించేందుకు, పరిమాణం నిర్ణయమైన తరువాత, చివరి దశలో కొద్దిగా పదును పెట్టడం సమంజసమే. ఆ పదును మితిమీరితే గీత అంచున తెల్లని వెలుగురేఖ తలెత్తుతుంది. గీతయే ప్రాణమైన అజంతా చిత్రంలో, చిత్రకారుడు గీయని రేఖను అతనికి అంటగట్టినట్లవుతుంది.

మాసిన గోడను మాసినట్లే చూపితే సామాన్య పాఠకుడు ఆకర్షితుడవుతాడా అని కొందరు ప్రశ్నిస్తారు. మసి వెనుక దాగిన సౌందర్యాన్ని చూపడమే చిత్రకారునికి న్యాయమని వారి వాదం. ఇందులో బలం లేకపోలేదు. కళాఖండం మట్టిపూత మాత్రమే కాదు గదా! కాని పదిహేను వందల ఏళ్లనాటి వర్ణం ఎలా ఉండేదో మనం ఊహించగలమే గాని చూడలేము. ఊహకు ఛాయాచిత్రపు వేషం వేసినపుడు అది సాక్ష్యంగా చెలామణి అవుతుంది. నూరేళ్ల తరువాత ఒక సంరక్షకుడు మన గ్రంథాన్ని గోడ పక్కన పెట్టి చూస్తాడు. మనం కలిపిన కాంతిని అతడు అసలు కాంతిగా భావిస్తాడు. జరగని క్షయాన్ని జరిగినట్లు నిర్ధారించి, అనవసరమైన చికిత్సకు పూనుకోవచ్చు. సంరక్షణ పేరిట వేసిన వార్నిషు ఏం చేసిందో మనం చూశాం.

కనుక ఒక విచక్షణ అవసరం. సాధనం చేసిన తప్పును సవరించడం కర్తవ్యం. వస్తువుపై కాలం వేసిన ముద్రను తుడిచివేయడం వ్యాఖ్యానం. వ్యాఖ్యానం నిషిద్ధం కాదు, దానిని వ్యాఖ్యానమని చెప్పకపోవడమే దోషం. ఊహాచిత్రం ముద్రించదలిస్తే యథాస్థితి చిత్రాన్ని దాని సరసనే ఉంచాలి. చిత్రం తీసిన తేదీ, వెలుగు, చేసిన సవరణలు పుట అడుగున ఒక వాక్యంలో తెలపాలి. ప్రమాణఫలకంతో కూడిన మూల ఫైలును మార్పు లేకుండా భద్రపరచాలి. కార్యాలయ దస్త్రంలో చేసిన దిద్దుబాటుకు సంతకమూ తేదీ కోరే మనం, జాతి వారసత్వపు దస్త్రానికి అంతకు తక్కువ నియమాన్ని పాటించడం న్యాయం కాదు.